కుకీలో నీళ్లెక్కడివి?

150 గ్రాముల మైదా, 100 గ్రాముల వెన్న, 60 గ్రాముల పంచదార, అంతే తూకం బెల్లం తురుము, ఒక గుడ్డు, అర టీస్పూను వంటసోడా, 90 గ్రాముల చాక్లెట్ ముక్కలు, 70 గ్రాముల ఎండుపండ్లు. ఇంట్లో 18 కుకీలకు సరిపోయే సరుకు ఇది. ఇందులో నీళ్లు లేవు. కలిపేటప్పుడు కూడా ఒక్క చుక్క పోయం. అయినా ఆ గిన్నెలో ఐదు టేబుల్‌స్పూన్ల నీళ్లున్నాయి. మైదా ఎంత పొడిగా కనిపించినా దాని బరువులో 13 శాతం దాకా తేమే. అంటే దాదాపు 20 గ్రాములు. వెన్నలో 16 శాతం నీరు, అది మరో 16 గ్రాములు. గుడ్డు సొనలో ముప్పాతిక వంతు నీళ్లే. 50 గ్రాముల సొనతో 38 గ్రాములు వచ్చి చేరతాయి. బెల్లం తెచ్చే తేమ రెండు మూడు గ్రాములు. అన్నీ కలిపితే 75 గ్రాముల పైమాటే.

ఈ నీళ్లు పొయ్యి వేడికి ఎంత ఎగిరిపోతాయి, ఎంత మిగులుతాయి, మిగిలినవి ఎవరి దగ్గర ఆగుతాయి? కుకీ కరకరలాడటం, మెత్తగా సాగటం, ట్రే అంతా పరుచుకుపోవటం, మర్నాటికి చల్లబడి నీరసించటం అన్నీ ఈ లెక్క మీదే ఆధారపడి ఉంటాయి. మామూలు బిస్కెట్‌లో ఈ లెక్క సులువు. పండ్లు, చాక్లెట్ కలిసిన కుకీలో చిక్కుముడి పడుతుంది. పండు తన నీళ్లు తాను తెచ్చుకుంటుంది. చాక్లెట్‌కు నీటి పొడే గిట్టదు. ఈ రెండూ ఒకే ముద్దలో పక్కపక్కన ఇమడాలి. ఇంటి వంటగదిలో రసాయనశాస్త్రం నేర్చుకోవటానికి ఇంతకన్నా మంచి పాఠం నాకు కనిపించలేదు.

చాక్లెట్ ముక్కల కుకీ పుట్టిల్లు అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం. అక్కడ విట్‌మన్ అనే ఊళ్లో రూత్ వేక్‌ఫీల్డ్, ఆమె భర్త కలిసి 1930లో టోల్ హౌస్ ఇన్ అనే భోజనశాల తెరిచారు. 1930ల చివర్లో ఆమె నెస్లే చాక్లెట్ కడ్డీని ముక్కలు చేసి వెన్న కుకీ ముద్దలో కలిపింది. చాక్లెట్ కరిగి ముద్దంతా కలిసిపోతుందనుకుంటే ముక్కలు ముక్కలుగానే మిగిలాయనీ, అలా పొరపాటున ఈ కుకీ పుట్టిందనీ ఓ కథ లోకమంతా తిరుగుతోంది. నేను నమ్మను. వేక్‌ఫీల్డ్ గృహవిజ్ఞానం చదివి, దాన్నే బోధించిన మనిషి. వేడికి చాక్లెట్ ఏమవుతుందో తెలియకుండా ఆమె ముద్దలో వేసి ఉంటుందా? నెస్లే సంస్థ ఆమె వంట విధానాన్ని తన చాక్లెట్ పొట్లాల మీద అచ్చేసింది. తర్వాత ఈ కుకీ కోసమే చిన్న చాక్లెట్ బిళ్లలు తయారు చేసి అమ్మింది.

పండ్ల బిస్కెట్ అంటే మాత్రం తెలుగువాళ్లకు గుర్తొచ్చేది హైదరాబాదే. దేశవిభజనలో సింధ్ నుంచి వచ్చిన ఖాన్‌చంద్ రామ్‌నానీ 1953లో మొజంజాహీ మార్కెట్ దగ్గర కరాచీ బేకరీ పెట్టారు. టూటీ ఫ్రూటీ ముక్కలు మెరిసే ఆ ఫ్రూట్ బిస్కెట్ నాంపల్లిలోనూ సికింద్రాబాద్‌లోనూ రైలెక్కే వాళ్ల సంచుల్లో తప్పనిసరి సరుకైపోయింది. అది నోట్లో వేసుకుంటే గుల్లగా విచ్చిపోతుంది. వేక్‌ఫీల్డ్ కుకీ నమిలితే సాగుతుంది. ఒకదానిలో నీరు బాగా తక్కువ, రెండోదానిలో గుడ్డు తెచ్చిన నీరుంది, దాన్ని వదలని పంచదారా ఉంది. ఇంట్లో మనం చేసుకునే పండ్ల చాక్లెట్ కుకీ ఈ రెంటి మధ్య ఎక్కడ నిలవాలో ముందే నిర్ణయించుకుంటే సగం పని అయిపోయినట్టే.

వెన్న చేసే మేలు

వెన్న, పంచదార కలిపి గిలకొట్టడంతో పని మొదలవుతుంది. ఇది రెండూ కలవటానికే చేస్తున్నామని చాలామంది అనుకుంటారు. అసలు పని గాలిని బంధించటం. పంచదార పలుకుల పదునైన అంచులు వెన్నను చీల్చుకుంటూ పోతుంటే, ఆ చీలికల్లో సన్నని గాలి బుడగలు చిక్కుకుంటాయి. పసుపుపచ్చగా ఉన్న వెన్న పాలిపోయి తెల్లబడటం ఆ బుడగల వల్లే. తర్వాత వేసే సోడా కొత్త బుడగల్ని పుట్టించలేదు. అది వేడికి విడిపోయి ఇచ్చే కార్బన్ డై ఆక్సైడ్ ఈ పాత బుడగల్లోకే చేరి వాటిని ఉబ్బిస్తుంది. గిలకొట్టటంలో బద్ధకిస్తే ఎంత సోడా వేసినా లాభం ఉండదు. పైగా చేదొస్తుంది.

గాలి చిక్కాలంటే వెన్న గట్టిగానూ ఉండకూడదు, కారిపోకూడదు. 18 నుంచి 20 డిగ్రీల దగ్గర అది వేలితో నొక్కితే సొట్ట పడేంత మెత్తగా ఉంటుంది. 32 నుంచి 35 డిగ్రీల మధ్య పూర్తిగా కరిగిపోతుంది. విలాయతీ వంట పుస్తకాలు వెన్నను గది వేడిమికి తెచ్చుకోమంటాయి. మే నెలలో విజయవాడలో గది వేడిమి అంటే కరిగిన వెన్నే. ఫ్రిజ్‌లోంచి తీసిన పావుగంటలో పని మొదలుపెట్టాలి, గిన్నెను కూడా కాసేపు ఫ్రిజ్‌లో ఉంచాలి. ఇంట్లో చిలికిన వెన్నలో నీటిపాలు ఎక్కువగా, ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది. అది రొట్టె మీద రాసుకుంటే అమృతమే కానీ కుకీలో నీటి లెక్క తప్పిస్తుంది. దాన్ని వాడాలనుకుంటే బాగా పిండి, మజ్జిగ వదిలించి వాడాలి.

వెన్నకు ఇంకో పని ఉంది. మైదాలో గ్లయాడిన్, గ్లూటెనిన్ అనే రెండు ప్రోటీన్లున్నాయి. వాటికి నీళ్లు తగిలి, పైన చేత్తో మర్దనా పడితే అల్లుకుని గ్లూటెన్ అనే సాగే వల తయారవుతుంది. పరోటా పిండి సాగేది అందుకే. కుకీలో అంత సాగుడు అక్కర్లేదు. కొవ్వు పిండి రేణువుల చుట్టూ పూతలా పట్టి నీటిని వాటి దగ్గరికి తేలిగ్గా రానివ్వదు. నెయ్యిలో నీరు దాదాపు ఉండదు కాబట్టి నెయ్యితో చేసిన నాన్‌ఖటాయి నోట్లో ఇసుకై రాలుతుంది. మైదా వేశాక ముద్దను పిసక్కుండా, పొడి కనిపించకపోతే చాలన్నట్టు గరిటెతో కలిపి వదిలేయాలనటానికి కారణం కూడా ఇదే.

గుడ్డు తినని ఇళ్లలో దాని బదులు 40 గ్రాముల గట్టి పెరుగు వాడవచ్చు. నీటి లెక్క సరిపోతుంది. పెరుగులోని పులుపు సోడాతో కలిసి ఆ ముద్దను బాగానే పొంగిస్తుంది. కానీ పచ్చసొనలోని లెసిథిన్ నీటినీ కొవ్వునూ కలిపి పట్టి ఉంచుతుంది, సొనలోని ప్రోటీన్లు 65 డిగ్రీల చుట్టుపక్కల గట్టిపడి కుకీకి ఎముక ఇస్తాయి. ఆ రెండు మేళ్లూ పెరుగు చేయలేదు. అందుకని పెరుగు కుకీ కాస్త పెళుసుగా ఉంటుంది.

అంతా పాకమే

ఇడ్లీ ఉడికితే మెత్తగా మారేది, బ్రెడ్డు కాలితే లోపల స్పంజిలా నిలిచేది పిండిపదార్థం నీళ్లు తాగి ఉబ్బటం వల్ల. కుకీలో ఆ పని జరగదు. ఉన్న కొద్ది నీటినీ పంచదార, బెల్లం ముందే పట్టేసుకుంటాయి. కాలిన కుకీని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే మైదాలోని పిండి రేణువులు చాలామటుకు ఉబ్బకుండా చెక్కుచెదరకుండా ఉంటాయి. మరి కుకీని గట్టిగా నిలబెట్టేది ఏమిటి? పాకం.

మన వంటిళ్లలో పాకం గురించి తెలిసినంత లోతుగా పంచదార గురించి తెలిసినవాళ్లు తక్కువ. నీళ్లు ఇగిరేకొద్దీ పాకం వేడి పెరుగుతుంది. లేతపాకం, తీగపాకం దాటి 115 డిగ్రీల దగ్గర ఉండపాకం వస్తుంది. 145 దాటాక పల్లీపట్టీకి పనికొచ్చే ముదురుపాకం. అప్పటికి దానిలో నీరు ఒకటి రెండు శాతానికి మించి ఉండదు. చల్లారితే టప్పున విరుగుతుంది. సరిగ్గా ఇదే వరస ఓవెన్‌లో కుకీ లోపల జరుగుతుంది. వేడెక్కిన ముద్దలో పంచదార కరుగుతుంది. గ్రాము పంచదార కరిగితే ద్రవం 0.6 మిల్లీలీటరు పెరుగుతుంది. అందువల్ల నీళ్లు పోయకుండానే ముద్ద పల్చనై ట్రే మీద పాకుతుంది. ఈలోగా వెన్న కరిగి దానికి తోడవుతుంది. ఆ తర్వాత అంచుల నుంచి నీరు ఎగిరిపోతుంది. అంచుల్లో ముదురుపాకం, నడుమ ఉండపాకం. ఓవెన్‌లోంచి తీసినప్పుడు కుకీ మెత్తగా ఉందని మళ్లీ లోపల పెట్టేవాళ్లు ఈ సంగతి మరిచిపోతున్నారు. పాకం చల్లారాకే కదా బిగిసేది. అంచు గట్టిపడి నడుమ ఇంకా తడిగా కనిపిస్తున్నప్పుడే తీసి, ట్రే మీదే ఐదు నిమిషాలు వదిలేయాలి.

ఇలా చల్లారి బిగిసిన పాకాన్ని శాస్త్రవేత్తలు గాజు స్థితి అంటారు. అణువులు పలుకు కట్టకుండా, కదలకుండా ఎక్కడివక్కడ ఆగిపోయిన స్థితి అది. కాస్త నీరు చేరితే అణువులకు మళ్లీ కదలిక వస్తుంది, గాజు రబ్బరవుతుంది. బిస్కెట్ల విషయంలో ఈ మార్పును లోతుగా వివరించిన వాళ్లలో నబిస్కో సంస్థలో పనిచేసిన లూయీజ్ స్లేడ్, హ్యారీ లెవిన్ ముఖ్యులు. వానాకాలంలో మూత వదులైన డబ్బాలో బిస్కెట్ మెత్తబడటానికి కారణం ఈ గాజు గాలిలోని తేమ తాగటమే.

బెల్లం ఎందుకు వేశామన్నదీ ఇక్కడే తేలుతుంది. బెల్లంలో అత్యధిక భాగం మామూలు పంచదారే. దానితోపాటు కొంత గ్లూకోజు, ఫ్రక్టోజు, ఖనిజాలు, కొద్దిపాటి ఆమ్లగుణం ఉంటాయి. గ్లూకోజు, ఫ్రక్టోజు అడ్డుపడటంతో పంచదార మళ్లీ పలుకు కట్టలేదు. గులాబ్‌జామ్ పాకంలో నాలుగు చుక్కల నిమ్మరసం పిండటం కూడా పంచదారను కొంత ఆ రెండుగా విడగొట్టటానికే. ఫ్రక్టోజు నీటిని గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి బెల్లం పాలు పెంచితే నడుమ మెత్తగా సాగే కుకీ వస్తుంది. మొత్తం పంచదారే వేస్తే కరకరలాడుతుంది. సగం సగం వేయటం నా అభిరుచి. బెల్లం వేశాం కనుక ఇది ఆరోగ్యకరమైన కుకీ అని పిల్లలకు పెట్టటం మాత్రం సరికాదు. ఒంట్లోకి వెళ్లాక రెండూ చక్కెరలే. బెల్లాన్ని సన్నగా తురిమి జల్లించుకోవటం మరవకూడదు. ఉండలు ఉన్నచోట కుకీ చిల్లులు పడి కారుతుంది, ఇసుక ఉంటే పంటికింద పడుతుంది.

పండు తెచ్చే తేమ

ఎండుపండ్ల బదులు 70 గ్రాముల తాజా మామిడి ముక్కలు వేశామనుకోండి. పండిన మామిడిలో 83 శాతం నీరు. అంటే ఒక్క దెబ్బకు 58 గ్రాముల నీళ్లు వచ్చి పడ్డాయి. మొత్తం తేమ ఇంచుమించు ముప్పాతిక వంతు పెరిగింది. ఇక ఆ ముద్ద కుకీగా కాలదు. ఆవిరికి ఉడికి, మెత్తని చప్పిడి కేకుగా దిగుతుంది. అదే 70 గ్రాముల ఎండుద్రాక్ష వేస్తే వచ్చే నీరు 11 గ్రాములే. తాజా పండు కుకీలోకి ఎందుకు పనికిరాదో ఈ రెండంకెలు చెబుతాయి.

అయితే నీరెంత ఉందన్నది ఒక్కటే కాదు, ఆ నీటికి ఎంత స్వేచ్ఛ ఉందన్నది అంతకన్నా ముఖ్యం. ఆహార శాస్త్రవేత్తలు ఈ స్వేచ్ఛను సున్నా నుంచి ఒకటి వరకు కొలుస్తారు. మంచినీళ్లకు ఒకటి. తాజా పండుకు 0.97 పైన. ఎండుద్రాక్షలో నీరున్నా చక్కెరలు దాన్ని కట్టిపడేస్తాయి కనుక 0.5, 0.6 మధ్య ఉంటుంది. కరకరలాడే బిస్కెట్‌లో 0.3 లోపే. పక్కపక్కన ఉన్న రెండు పదార్థాల మధ్య నీరు ఎప్పుడూ స్వేచ్ఛ ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి, రెండూ సమానమయ్యేదాకా నడుస్తూనే ఉంటుంది. కాల్చిన తర్వాత కూడా ఆగదు. డబ్బాలో పెట్టిన మూడో రోజుకు కిస్మిస్ గట్టిపడి పళ్లకు అంటుకోవటం, దాని చుట్టూ ఉన్న కుకీ మెత్తబడటం ఒకే నీటి ప్రయాణానికి రెండు కొసలు.

ఎండుద్రాక్షను వేడినీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, బట్ట మీద తడి ఆరబెట్టి వేయమని చాలామంది చెబుతారు. మెత్తని కుకీ కావాలంటే మంచి సలహా. కరకరలాడేది కావాలంటే నానబెట్టకూడదు. కమలారసంలో నానబెట్టినా ఇదే సూత్రం. రసం కన్నా కమలాపండు తొక్క తురుము మేలు. దాని వాసనకు మూలమైన లిమొనీన్ అనే నూనె నీటిలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. తొక్క పైపొరను మాత్రమే తురిమి, పంచదారలో వేసి వేళ్లతో నలిపి, ఆ పంచదారతో వెన్న గిలకొడితే పరిమళం వెన్నలో నిలిచిపోతుంది. నీటి లెక్క చెక్కుచెదరదు.

హైదరాబాద్ ఫ్రూట్ బిస్కెట్‌లోని టూటీ ఫ్రూటీ ఈ నీటి సమస్యను ఎంత తెలివిగా దాటిందో చూడండి. అది పచ్చి బొప్పాయి. చెక్కు తీసి చిన్న చదరపు ముక్కలు కోసి, ఉడికించి, పంచదార పాకంలో వేస్తారు. మొదట పల్చటి పాకం. ఆ తర్వాత రోజురోజుకూ చిక్కదనం పెంచుతారు. ఒక్కసారే చిక్కటి పాకంలో వేస్తే ముక్కలోని నీరంతా బయటికి లాగేసి అది ముడుచుకుపోతుంది. నెమ్మదిగా పెంచితే నీరు బయటికి వస్తూంటే చక్కెర లోపలికి వెళ్లి ఆ చోటు నింపుతుంది. ముక్క ఆకారం చెడకుండా అద్దంలా నిగనిగలాడుతుంది. ముందుగా సున్నపుతేటలో ఊరవేస్తే సున్నంలోని కాల్షియం పండు గోడల్లోని పెక్టిన్‌ను బిగించి ఉంచుతుంది. బూడిదగుమ్మడి పేఠాకూ అదే ఉపాయం. పచ్చి బొప్పాయిలో ప్రోటీన్లను కోసే పపైన్ అనే ఎంజైము ఉంటుంది. ఉడికించినప్పుడే అది పనిచేయకుండా పోతుంది కాబట్టి కుకీ ముద్దలోని ప్రోటీన్లకు ప్రమాదం లేదు. పచ్చి అనాసతో అయితే ఆ ప్రమాదం ఉంటుంది. బ్రొమెలైన్ రాత్రంతా ముద్దను జావ చేస్తూ పోతుంది.

కానీ చాక్లెట్‌తో జత కట్టటానికి టూటీ ఫ్రూటీ నాకు నచ్చదు. ఉత్త తీపి తప్ప అందులో పండు రుచి మిగలదు. చాక్లెట్ చేదుకు ఎదురు నిలవాలంటే పులుపు కావాలి. ఆ పని మామిడి తాండ్ర చేసినంత బాగా ఇంకేదీ చేయదని నా గట్టి నమ్మకం. గోదావరి జిల్లాల్లో వేసవిలో మామిడి రసానికి పంచదారో బెల్లమో కలిపి చాపల మీద పలచగా పూసి, ఎండాక దాని మీద మరో పూత, అది ఎండాక ఇంకోటి... ఇలా రోజుల తరబడి పొరమీద పొర కట్టి చేసే సరుకిది. ఆత్రేయపురం పేరు చెప్పగానే అందరికీ పూతరేకులు తోస్తాయి గానీ, అక్కడి తాండ్రకూ అంతే పేరుంది. ఎండ నీటిని లాగేసింది, చక్కెర మిగిలిన నీటిని కట్టేసింది, మామిడి పులుపూ పరిమళమూ చిక్కబడి మిగిలాయి. కుకీకి కావలసింది ఇదే. శనగగింజంత ముక్కలు కోసి, ఒకదానికొకటి అంటుకోకుండా చెంచాడు మైదాలో పొర్లించి, ముద్దలో చివరగా కలపాలి.

ఒక్క జాగ్రత్త. తాండ్రలోనూ ఎండుద్రాక్షలోనూ ఫ్రక్టోజు దండిగా ఉంటుంది. పంచదార మాడటానికి 160 డిగ్రీలు దాటాలి, ఫ్రక్టోజు 110 దగ్గరే రంగు మారటం మొదలుపెడుతుంది. పైకి తేలిన ముక్క నల్లబడి చేదెక్కుతుంది. ఉండలు చేసేటప్పుడు పండు ముక్కల్ని లోపలికి నొక్కేసి, పైన కనిపించాలనుకుంటే చాక్లెట్‌ను కనిపించనివ్వండి.

చాక్లెట్ కూడా పండే

చాక్లెట్ వేరు, పండు వేరు అనుకుంటాం గానీ రెండూ చెట్టు మీదివే. కోకో కాయ పగలగొడితే లోపల తెల్లని తీపి గుజ్జు, ఆ గుజ్జులో గింజలు. దేశంలో కోకో పండించటంలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. ఏలూరు, పశ్చిమ గోదావరి, తూర్పు గోదావరి వైపు కొబ్బరి, పామాయిల్ తోటల నీడలో కోకో చెట్లు అంతరపంటగా పెరుగుతున్నాయి. పచ్చి గింజలో చాక్లెట్ వాసన ఉండదు. కొరికితే చేదు, వగరు. గుజ్జుతో సహా కుప్పపోసి ఐదారు రోజులు పులియబెడితే ఈస్టులు తీపిని తిని ఆల్కహాలు చేస్తాయి, దాన్ని మరో రకం బ్యాక్టీరియా వెనిగర్ ఆమ్లంగా మారుస్తుంది. కుప్ప వేడి 45, 50 డిగ్రీలకు చేరుతుంది. గింజ చచ్చి, లోపలి ప్రోటీన్లు అమైనో ఆమ్లాలుగా విడిపోతాయి. తర్వాత ఎండబెట్టి తేమను ఏడు శాతానికి తెస్తారు. వేయించినప్పుడు ఆ అమైనో ఆమ్లాలు, చక్కెరలు కలిసి చాక్లెట్ వాసన పుడుతుంది. పులియబెట్టటంలో తొందరపడిన రైతు గింజను ఎంత గొప్ప కార్ఖానా అయినా బాగుచేయలేదు.

తయారైన చాక్లెట్‌లో నీరు ఒక శాతానికి అటూఇటూ. అది కోకో వెన్నలో తేలుతున్న సన్నని పంచదార, కోకో రేణువుల ముద్ద. కరిగిన చాక్లెట్‌లో నాలుగు నీటి చుక్కలు పడితే పంచదార రేణువులు తడిసి ఒకదానికొకటి అతుక్కుని, మొత్తం గట్టి ముద్దయిపోతుంది. కుకీలో ఆ ప్రమాదం తక్కువ. ముద్దలోని నీటిని మైదా, చక్కెరలు పట్టి ఉంచుతాయి, పైన కొవ్వు పూత ఉంటుంది. తడి పండు ముక్క చాక్లెట్‌ను ఆనుకుని ఉంటే మాత్రం ఆ చోట గరుకుదనం రావచ్చు. తాండ్రను, కిస్మిస్‌ను పొడిగా వేయమనటానికి ఇది మరో కారణం.

కోకో వెన్న 34 డిగ్రీలకే కరుగుతుంది. 175 డిగ్రీల ఓవెన్‌లో చాక్లెట్ ముక్క ఎందుకు కారిపోదు? లోపలి కొవ్వు కరిగిపోతుంది, అనుమానం లేదు. కానీ రేణువులు చాలా దట్టంగా ఉన్నందువల్ల, ఎవరూ కదపనంతసేపు, తడి ఇసుక కుప్పలా ఆకారం నిలుపుకుంటుంది. వేడి కుకీలోని ముక్కను వేలితో తాకితే అప్పుడు కారుతుంది. బిళ్లలుగా అమ్మే చిప్స్‌లో కోకో వెన్న తక్కువ వేస్తారు కాబట్టి ఇంకా బిర్రుగా నిలుస్తాయి. మంచి కడ్డీని కత్తితో ముక్కలు చేసి వేస్తే అక్కడక్కడా మడుగులు కడుతుంది. రుచిలో రెండోదానిదే పైచేయి.

కొనేటప్పుడు పొట్లం వెనక అక్షరాలు చదవండి. కాంపౌండ్ అని ఉంటే అందులో కోకో వెన్న బదులు వేరే వనస్పతి కొవ్వు వాడారని అర్థం. చవక, ఎండాకాలంలో తొందరగా కరగదు. ఒంటి వేడికి కూడా పూర్తిగా కరగదు కాబట్టి నాలుక మీద మైనంలా మిగిలిపోతుంది. కుకీకి ఇంత శ్రమపడి దాన్ని వాడటం నాకు సమ్మతం కాదు. కోకో వెన్న ఆరు రకాలుగా స్ఫటికాలు కడుతుంది. వాటిలో ఐదో రకమే నిగనిగలాడుతూ, టక్కున విరుగుతూ, నోట్లో కరుగుతుంది. ఓవెన్‌లో ఆ అమరిక చెరిగిపోతుంది. చల్లారేటప్పుడు స్ఫటికాలు తోచినట్టు కడతాయి. మర్నాడు ముక్కల మీద కనిపించే తెల్లటి చారలు అవే. బూజని భయపడి పారేయకండి.

పొయ్యి దగ్గర

కలిపిన ముద్దను వెంటనే కాల్చేయకుండా ఫ్రిజ్‌లో కనీసం ఒక రాత్రి ఉంచండి. వేక్‌ఫీల్డ్ కూడా ముద్దను రాత్రంతా చల్లబెట్టేది. 2008లో న్యూయార్క్ టైమ్స్ అచ్చేసిన ఒక వ్యాసం 36 గంటల నిల్వను ప్రసిద్ధం చేసింది. గుడ్డులోని నీరు చిక్కటిది, మైదా రేణువుల్లోకి ఇంకటానికి సమయం పడుతుంది. ముద్ద బిగుసుకుంటుంది, వెన్న గట్టిపడుతుంది, ట్రే మీద పాకటం తగ్గుతుంది. మైదాలోని ఎంజైములు పిండిపదార్థాన్నీ ప్రోటీన్లనూ కొద్దిగా విడగొట్టటంతో రంగు, రుచి పెరుగుతాయి. ఈలోగా పిల్లలు గిన్నె నాకకుండా చూడాలి. పచ్చి గుడ్డుతో సాల్మొనెల్లా భయం అందరికీ తెలుసు. పచ్చి పిండి కూడా ఈ-కొలై మోసుకురాగలదని 2016లో అమెరికాలో మనుషులు జబ్బుపడ్డాక లోకానికి బాగా తెలిసింది.

30 గ్రాముల ఉండలు చేసి, నడుమ మూడు వేళ్ల ఎడం ఉంచి, ముందే 175 డిగ్రీలకు వేడెక్కిన ఓటీజీలో 11 నుంచి 13 నిమిషాలు. ఓటీజీ గుండీ చూపే అంకెను పూర్తిగా నమ్మవద్దు. లోపల పెట్టే చిన్న థర్మామీటరు కొనుక్కుంటే చాలా కుకీలు దక్కుతాయి. ఓవెన్ లేనివాళ్లు మందపాటి మూకుడులో ఉప్పు పరిచి, పైన స్టాండు, దాని మీద పళ్లెం, మూత పెట్టి పావుగంట వేడి చేసి కాల్చవచ్చు. వేడి కిందినుంచే వస్తుంది, ఆవిరి లోపలే తిరుగుతుంది. అడుగు ఎర్రబడ్డా పైభాగం పాలిపోయే ఉంటుంది. ఆఖరి మూడు నాలుగు నిమిషాలు మూత కాస్త ఓరగా తీస్తే ఆవిరి పోయి పైన కూడా ఆరుతుంది. కన్వెక్షన్ లేని మైక్రోవేవ్‌తో మాత్రం పని జరగదు. అది ముఖ్యంగా నీటిని వేడెక్కిస్తుంది. నీరున్నంతసేపు పైపొర 100 డిగ్రీలు దాటదు, రంగు రాదు.

రంగు రావాలంటే పైపొర ఆరి, 140 డిగ్రీలు దాటాలి. అప్పుడు అమైనో ఆమ్లాలు, చక్కెరలు కలిసి వందలాది వాసన పదార్థాల్ని పుట్టిస్తాయి. ఫ్రెంచి వైద్యుడు లూయీ కమీ మయార్ 1912లో ఈ చర్యను వర్ణించాడు. అతని దృష్టి వంట మీద కాదు, జీవకణాల మీద. 1953లో అమెరికా వ్యవసాయ శాఖ ప్రయోగశాలలో జాన్ హాడ్జ్ దీని దశల్ని క్రమంగా పేర్చి చూపాడు. కోకో గింజ వేగినప్పుడు జరిగినదీ ఇదే చర్య. సోడా క్షారం కనుక దీన్ని వేగిరపరుస్తుంది. బెల్లంలోని గ్లూకోజు, ఫ్రక్టోజు ఇంకా తోస్తాయి. కుకీ ఎర్రబడుతున్నకొద్దీ అదే దారిలో ఆక్రిలమైడ్ అనే అవాంఛిత పదార్థం కూడా పెరుగుతుంది. కాల్చిన, వేయించిన ఆహారంలో అది ఉందని 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు కనుగొన్నారు. బంగారు రంగు దగ్గర ఆపటం రుచికీ మంచిది, ఒంటికీ మంచిది.

డబ్బాలోకి వెళ్లాక

పూర్తిగా చల్లారకుండా డబ్బాలో పెడితే ఆవిరి మూతకు తగిలి నీరై మళ్లీ కుకీల మీదే పడుతుంది. జాలీ మీద గంటసేపు ఆరనిచ్చి, మూత బిగుతుగా ఉండే స్టీలు డబ్బాలోనో గాజు సీసాలోనో పెట్టాలి. జంతికలున్న డబ్బాలో కలిపి పెట్టవద్దు. కుకీలోని తేమ జంతికల్లోకి నడిచిపోయి రెండూ చెడతాయి. మెత్తని కుకీ మూడో రోజుకు ఎండిపోతుంటే ఒక బ్రెడ్డు ముక్కను ఆ డబ్బాలో ఉంచండి. బ్రెడ్డులోని నీరు స్వేచ్ఛ ఎక్కువున్నది కనుక కుకీల వైపు వెళుతుంది. తెల్లారేసరికి బ్రెడ్డు అప్పడం అవుతుంది, కుకీలు మెత్తబడతాయి. విశాఖలాంటి చోట వానాకాలంలో కరకరలాడే కుకీ మెత్తబడితే 150 డిగ్రీల దగ్గర ఐదు నిమిషాలు మళ్లీ వేడి చేయండి. తాగిన నీరు వదిలేసి, పాకం చల్లారాక తిరిగి బిగుస్తుంది. చాక్లెట్ ఆరటానికి మాత్రం ఇంకాస్త ఆగాలి.

పండు ముక్కలున్న కుకీలో నీటి నడకను డబ్బా ఆపలేదు, నెమ్మదింపజేస్తుంది అంతే. అందుకని మొత్తం ఒకేరోజు కాల్చేయటం కన్నా, చేసిన ఉండల్ని పళ్లెంలో విడివిడిగా గడ్డకట్టించి, సంచిలో వేసి ఫ్రీజర్‌లో పెట్టుకోవటం నాకు నచ్చిన పద్ధతి. మైనస్ 18 డిగ్రీల దగ్గర నీరు దాదాపు కదలదు. తాండ్ర తాండ్రగా, చాక్లెట్ చాక్లెట్‌గా రెండు నెలలు నిలుస్తాయి. కావలసినప్పుడు కావలసినన్ని తీసి, కరగనివ్వకుండా అలాగే ట్రే మీద పెట్టి, మామూలు కన్నా రెండు నిమిషాలు ఎక్కువ కాల్చాలి.